గోడకు అటువైపు

మనిషిని మరబొమ్మను చేసే పాలనలను ఊహించి రాసిన నవలలను వరసపెట్టి చదివితే, దాదాపు ప్రతి కథలోనూ ఎక్కడో ఒక సరిహద్దు తగులుతుంది. యెవ్గెనీ జమ్యాతిన్ 1920-21లో రాసిన ‘వుయ్’లో గాజు నగరం చుట్టూ పచ్చగోడ ఉంటుంది. ఆల్డస్ హక్స్‌లీ 1932 నాటి ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో కరెంటు పారే కంచె ఉంటుంది. జార్జ్ ఆర్వెల్ 1949లో అచ్చువేసిన ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’లో గోడంటూ లేదు గానీ, పార్టీ మనుషులు అడుగుపెట్టడానికి జంకే పేదవాడలున్నాయి. రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’లో ఒక నది. గట్టుకు ఇటువైపు నంబర్లు, నిఘా, మత్తు మాత్రలు, పుస్తకాలు తగలబెట్టే మంటలు. అటువైపు మట్టి, వాన, పాత పాటలు, ఇంకా మనిషిగా మిగిలినవాడు. కథానాయకుడు దాదాపు ఎప్పుడూ ఇటువైపే పుడతాడు. ఒకరోజు అటు చూస్తాడు, కథ మొదలవుతుంది.

నేను ఈ నవలలన్నీ నర్సీపట్నంలో కూర్చుని చదివాను. మా ఊరు అలాంటి సరిహద్దు మీదే ఉంది. మైదానం ఇక్కడితో సరి. డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కితే చింతపల్లి, అక్కడి నుంచి గూడెం, సీలేరు. ఇంకో దారిలో వెళితే కృష్ణదేవిపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, కొండ మీదివాళ్ళు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళారు. గీత మాత్రం కొత్తది కాదు. ఇంచుమించు రెండు వందల ఏళ్ళుగా అక్కడే ఉంది. ఆ గీత దగ్గర పుట్టినవాడు ఈ నవలలు చదివితే ఒక ప్రశ్న వదలదు: గోడకు అవతల స్వేచ్ఛ ఉందని ఈ రచయితలందరికీ ఎవరు చెప్పారు?

మా అవతలివైపు చరిత్ర అలా లేదు. 1839లో తెల్లదొరలు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి, ఆయన చేతిలో ఉంచారు. మన నోట ఇప్పటికీ నలిగే ‘ఏజెన్సీ’ అప్పటిదే. మైదానంలో కోర్టు, వకీలు, అప్పీలు. కొండ మీద ఏజెంటు మాట. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. పోడు కొట్టుకోవడం, కట్టె తెచ్చుకోవడం, పశువులను మేపుకోవడం, తాతల నుంచి వస్తున్న ప్రతి పనికీ ఒకరి అనుమతి కావలసి వచ్చింది. అంతకు ముందే, 1879లో, రంప ప్రాంతం ఒక పెద్ద పితూరి చూసింది. కల్లు గీసుకోవడం మీద పెట్టిన పన్ను, ముఠాలను, అంటే కొండ ఊళ్ళ గుంపులను, నొక్కిన మన్సబుదారు దాష్టీకం అందుకు కారణాలు. ఆ తర్వాత గూడెం ప్రాంతానికి డిప్యూటీ తహసీల్దారుగా వచ్చిన బాస్టియన్, రోడ్ల పనికి కొండవాళ్ళను లాక్కొచ్చి కూలి సరిగా ఇవ్వకుండా చేయించాడు. ఇవాళ మనం చలికాలంలో మంచు చూడటానికి ఎక్కే దారుల వెనక ఆ చాకిరీ ఉంది.

అంటే అధికారం బయటివైపే ముందు పూర్తిగా నగ్నంగా నిలబడింది. లోపలివాళ్ళ మీద చేయడానికి సిగ్గుపడే పనులు అక్కడ చేసి చూసుకుంది.

ఇది ఒక్క మన్యం సంగతే అయితే స్థానికాభిమానం అనుకోవచ్చు. వేలిముద్ర కథ చూడండి. మనిషిని అతని మాటతో, ఊరితో, కులంతో, తండ్రి పేరుతో కాకుండా బొటనవేలి గీతలతో గుర్తించే పద్ధతి మొదట పెద్దఎత్తున పాలనలోకి దిగింది మన దేశంలో. ఎడ్వర్డ్ హెన్రీ బెంగాల్ పోలీసు అధిపతిగా ఉన్నప్పుడు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల బుర్రతో ముద్రలను వర్గాలుగా విడగొట్టే లెక్క తయారయింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. లండన్‌లో స్కాట్లండ్ యార్డ్ అలాంటిది పెట్టుకున్నది 1901లో. పాలితుల వేళ్ళ మీద నేర్చుకున్న విద్య పాలకుల ఊరికి వెళ్ళింది. పౌరులందరికీ నంబర్లు తగిలించే రాజ్యాన్ని జమ్యాతిన్ ఊహించడానికి ఇరవై ఏళ్ళ ముందే, ఆ రాజ్యానికి కావలసిన పనిముట్టు కలకత్తాలో సిద్ధమైపోయింది.

ఆ పనిముట్టు తెలుగు నేల మీద ఎవరి మీదికి వచ్చిందో అందరికీ తెలిసిందే. నేరస్థ తెగల చట్టం ఉత్తరాదిలో 1871లో పుట్టింది, 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఒక సెటిల్‌మెంటు కట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. దాన్ని నడిపినవాళ్ళలో చాలామంది మంచి చేస్తున్నామనే నమ్మారు. బడి పెట్టారు, భూమి ఇచ్చారు, పని నేర్పారు. ఇక్కడ నాకు ఆర్వెల్ కంటే హక్స్‌లీ గుర్తొస్తాడు. ఆయన నవలలో రాజ్యం జనాన్ని కొట్టి లొంగదీసుకోదు. గాజు సీసాలో పిండంగా ఉన్నప్పటి నుంచే మనిషి ఏమవ్వాలో నిర్ణయించి, అలా అయ్యేలా తీర్చిదిద్ది, దాన్ని సుఖం అంటారు. సంస్కరిస్తానని వచ్చిన అధికారం శిక్షిస్తానని వచ్చిన అధికారం కంటే లోతుగా దిగుతుంది. ఎదురు తిరిగినవాడు కృతఘ్నుడిలా కనిపిస్తాడు.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర పోలేదు. 1991లో ఒకే ఏడాది ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలు వచ్చాయి. ఊరి పేరు తెలుగు ప్రేక్షకుడి చెవిలో దొంగకు మారుపేరయింది. అక్కడ పుట్టి చదువుకుని ఉద్యోగానికి వెళ్ళిన పిల్లవాడు సొంత ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తడబడాలి? ఏ నవలలోనూ ఈ అధ్యాయం లేదు. రాజ్యం కూలిపోయాక, గాజు గదులు పగిలిపోయాక, నంబరు ఇంకా మనిషి మీద ఎంతకాలం ఉంటుందో వాళ్ళెవరూ రాయలేదు. ఆ వెలితి నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక ఆర్వెల్. ఆయన బిహార్‌లోని మోతిహారిలో 1903లో పుట్టాడు. తండ్రి నల్లమందు శాఖ ఉద్యోగి. పంతొమ్మిదేళ్ళకు పోలీసు ఉద్యోగంలో చేరి 1922 నవంబరులో బర్మాలో దిగాడు. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. ఆ తేదీని మా వైపు తేదీల పక్కన పెట్టకుండా ఉండలేను. అదే ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. నర్సీపట్నం సైన్యానికీ పోలీసుకూ మకాం అయింది. మలబారు నుంచి ప్రత్యేక పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఆ పోరాటం సాగుతుండగానే, అదే సామ్రాజ్యపు పోలీసు యూనిఫాం తొడుక్కుని, మాండలేలో ఒక ఇంగ్లీషు కుర్రాడు శిక్షణ పొందుతున్నాడు. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపేనాటికి అతను ఐరావతి డెల్టాలో పోలీసు అధికారి. జమ్యాతిన్ ‘వుయ్’ మొదటిసారి అచ్చయింది కూడా ఆ 1924లోనే, న్యూయార్క్‌లో, ఇంగ్లీషులో. రష్యాలో అది 1988 దాకా వెలుగు చూడలేదు.

బర్మాలో ఆర్వెల్‌కు తెలుగువాళ్ళు కనపడకపోయే అవకాశమే లేదు. మన తీరం నుంచి రంగం, అంటే బర్మా, వెళ్ళడం అప్పట్లో మామూలు మాట. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళందర్నీ ‘కోరంగీలు’ అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య రక్తపాతం జరిగింది. 1942లో జపాను బాంబులకు వేలమంది నడిచి ఇళ్ళకు చేరారు, చేరలేక దారిలో పోయారు. విశాఖలో బర్మా క్యాంపు రంగం నుంచి తిరిగొచ్చినవాళ్ళ జ్ఞాపకంగానే ఉంది.

ఆర్వెల్ 1936లో రాసిన ఏనుగును కాల్చిన కథనం చాలామంది ఇంగ్లీషు పాఠంగా చదివి ఉంటారు. మౌల్మేన్‌లో మదమెక్కిన ఏనుగు ఒకటి బజారు మీద పడుతుంది. ఒక మనిషిని బురదలో తొక్కి చంపుతుంది. తెల్ల పోలీసు తుపాకి పట్టుకుని వెళతాడు. అప్పటికి ఏనుగు శాంతించింది, కాల్చనక్కర్లేదు. వెనక వేలమంది జనం చూస్తున్నారు, కాల్చకపోతే దొర దొర కాకుండా పోతాడు. కాలుస్తాడు. పాలించేవాడు తన ముసుగుకు తానే బందీ అని ఆ యువకుడికి అప్పుడు తెలుస్తుంది. ఈ కథనాన్ని బడిలో చెప్పేటప్పుడు ఎప్పుడూ ఏనుగు గురించీ దొర అంతరాత్మ గురించీ చెబుతారు. చచ్చిపోయిన మనిషి ఒక కోరంగి కూలీ. అంటే మనవాడు. శ్రీకాకుళం వైపువాడో, తుని వైపువాడో, రంగం డబ్బు పంపిస్తాడని ఎదురుచూసే ఇల్లు ఒకటి ఈ తీరంలో ఉన్నవాడు. వ్యాసంలో అతనికి పేరు లేదు. అతనికంటే ఏనుగు ఖరీదని కుర్ర దొరలు తీర్పు చెబుతారు. ఆ కూలీ చనిపోవడం వల్లనే తన చర్య చట్టం ముందు నిలబడిందని, అందుకు సంతోషించానని రచయిత చివర్లో ఒప్పుకుంటాడు.

ఆర్వెల్ నిజాయితీకి నేను నమస్కరిస్తాను. ఆ సంతోషాన్ని దాచకుండా రాయడానికి గుండె కావాలి. ఆ నిజాయితీ వల్లనే నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. పదమూడేళ్ళ తర్వాత ఆయన ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’లో విన్‌స్టన్ స్మిత్‌ను సృష్టించాడు. వ్యాయామం సరిగా చేయకపోతే తెరలోంచి ఒక గొంతు అతన్ని నంబరుతో కలిపి పిలుస్తుంది. లండన్ పాఠకుడు ఆ పిలుపుకు వణికాడు, ఎందుకంటే ఆ పిలుపు తనకు రావచ్చు. ఆర్వెల్‌కు ఆ పిలుపు కొత్తగా ఊహించాల్సిన పని లేదు. అయిదేళ్ళు తను అటువైపు నిలబడి పిలిచాడు. హాజరు పట్టీలు, జైలు నంబర్లు, అర్ధరాత్రి తలుపు తట్టడాలు, పేరు అక్కర్లేని శవాలు అతనికి ఉద్యోగంలో చేతికందినవే. స్టాలిన్ రష్యా నుంచి ఆ నవల ఎంత తీసుకుందో లోకమంతా రాసింది. బర్మా నుంచి ఎంత తీసుకుందో మనం రాయాలి.

నిరంకుశ రాజ్యపు నవలల్లో వ్యక్తిత్వం ఒక్కడికి చెందిన వస్తువు. ‘వుయ్’ కథానాయకుడు డి-503 తన నోటుపుస్తకంలో తనను తాను వెతుక్కుంటాడు. విన్‌స్టన్ తెర కంటపడని మూలలో కూర్చుని డైరీ రాస్తాడు. మార్గరెట్ అట్‌వుడ్ 1985 నాటి ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో కథ చెప్పే ఆమె తన అసలు పేరును లోపల దాచుకుంటుంది. రహస్యంగా ఉంటేనే ‘నేను’ బతుకుతాను. మన్యం కథలో దీనికి ఎదురుగా నిలబడే ఘట్టం ఒకటుంది, ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. సీతారామరాజు స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకున్నాక, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలోనే రాసి కింద సంతకం పెట్టాడు. శత్రువు రిజిస్టరులో, శత్రువు చదివేలా, సొంత పేరుతో. దాన్ని సాహసం అని మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం. నాకది ఇంకా పెద్దది. మనిషిని పేర్ల పట్టీలోకి ఎక్కించే హక్కు ఎవరిది అనే ప్రశ్న అందులో ఉంది. తన పేరు తనే ఎక్కించుకున్నాడు.

అయినా ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. సంతకం చేయగలిగినవాడు చదువుకున్న మైదానం మనిషి. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర, గోకిరి ఎర్రేసు మనకు గుర్తున్నారు. వాళ్ళ వెనకున్న వందలమంది బగతలు, కొండదొరలు, కోయలు ఎవరి పుస్తకంలోనూ సంతకం పెట్టలేదు. వాళ్ళు పోగొట్టుకున్నదీ, పోరాడినదీ ఒక్కడి లోపలి ‘నేను’ కోసం కాదు. పోడు కొట్టిన మెట్ట, ముఠా, పండగ చేసుకునే చెట్టు, పెళ్ళి సంబంధం కలిసే పక్క గూడెం, ఇవన్నీ కలిపితేనే వాళ్ళకు మనిషి. అందుకే అక్కడ రాజ్యం ఎవరి తలలోకీ తొంగిచూడనక్కర్లేకపోయింది. అడవికి హద్దు రాళ్ళు పాతితే చాలు, మనిషి తనంతట తానే సగమైపోయాడు. జమ్యాతిన్ రాజ్యం ఊహను తీసేయడానికి మెదడుకు ఆపరేషన్ చేసింది. 1882 చట్టానికి కత్తి అవసరం రాలేదు.

హక్స్‌లీ ఒక్కడు దీని అంచు దాకా వచ్చాడు. ఆయన నవలలో కంచె అవతలున్న ఆదివాసుల రిజర్వేషన్‌కు లోపలి జనం అనుమతి చీటీ తీసుకుని విహారానికి వెళతారు. వాళ్ళ నాట్యం చూస్తారు, వాసనకు ముక్కు మూసుకుంటారు, అక్కడి నుంచి ఒకణ్ణి తీసుకొచ్చి నగరంలో వింతగా చూపిస్తారు. చివరికి అతను ఒంటరిగా ఉందామని వెళ్ళినచోటికి కూడా జనం గుంపులుగా వచ్చి పడి, అతను ఉరేసుకునే దాకా తెస్తారు. అరకులో పర్యాటకుల బస్సు ఆగగానే థింసాకు వరస కట్టే ఆడవాళ్ళను చూసినప్పుడూ, చలికాలం ఆదివారాల్లో లంబసింగి మీదికి పోయే కార్లను చూసినప్పుడూ నాకు ఆ పుటలు కళ్ళముందు ఆడతాయి. ఆ డబ్బు వాళ్ళకు అవసరం, ఆ నాట్యం వాళ్ళదే, వద్దనడానికి నేనెవర్ని? చూసేవాడు తన ఇష్టం వచ్చినప్పుడు దిగి వెళ్ళిపోగలడు. హక్స్‌లీ ఆ తేడాను బాగా పట్టుకున్నాడు.

అట్‌వుడ్ ఒక నియమం పెట్టుకుంది. మనుషులు ఎక్కడో ఎప్పుడో ఒకసారి చేసి ఉండని పని ఏదీ తన నవలలో పెట్టలేదని చెప్పింది. ఈ వరసలో నాకు అన్నిటికంటే నమ్మదగిన మాట అది. మన తెలుగులో ఇలాంటి భవిష్యత్ నవలలు ఎందుకు ఎక్కువ రాలేదో కూడా అందులోంచి అర్థమవుతుంది. రావిశాస్త్రి విశాఖ కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో, సారా కేసుల్లో చట్టం అనే యంత్రం పేదవాణ్ణి ఎలా నములుతుందో చూసి ‘ఆరు సారా కథలు’ రాశాడు. అతనికి రేపటిలోకి వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

మళ్ళీ వేలిముద్ర దగ్గరికి వస్తాను. 2010 సెప్టెంబరు 29న మొదటి ఆధార్ నంబరు మహారాష్ట్రలోని టెంభ్లీ అనే ఊళ్ళో ఇచ్చారు. అది నందుర్బార్ జిల్లాలో ఒక ఆదివాసీ గ్రామం. ముంబయిలో, ఢిల్లీలో ఇవ్వలేదు. వెనకబడినవాళ్ళకు ముందు అందాలన్నది ఉద్దేశం కావచ్చు, ఆ నంబరుతో బియ్యం, పింఛను చేతికొచ్చినవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. అయినా కొత్త పద్ధతిని మొదట గీతకు అవతలివాళ్ళ మీద నడిపి చూసే అలవాటు ఎంత పాతదో కూడా కనిపిస్తూనే ఉంటుంది. జీవితమంతా పార పట్టి, పుల్లలు విరిచి, గీతలు అరిగిపోయిన ముసలి వేలిని యంత్రం గుర్తుపట్టనప్పుడు, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా లేనట్టే లెక్క.

ఇంతవరకూ గీత శత్రువులాగే కనిపించింది. నా ఆలోచన మొత్తాన్ని తలకిందులు చేసింది మా ఊరి చుట్టుపక్కల గిరిజన గూడేలు. పాలించడానికి తెల్లవాళ్ళు గీసిన ఆ హద్దే స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతానికి హద్దుగా మారింది. 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1970లో బిగించి, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా చేశారు. కొండ మీద ఎవర్ని అడిగినా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు ఆ గీతే ఆధారం. షెడ్యూల్డ్ నేలను ప్రైవేటు కంపెనీలకు తవ్వకానికి లీజుకు ఇవ్వకూడదంది కోర్టు. బంధించడానికి కట్టిన గోడ కాపలా గోడయింది.

అయితే గీత అప్పట్లో ఎవరో పటం మీద గీసింది. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల్లో కొండ వాలున ఎన్నో గూడేలు దానికి ఇవతల ఉండిపోయాయి. అదే కొండదొర, అదే ఇంటిపేరు, అదే చోడి అంబలి. వాగు అవతల ఉన్న మేనమామ భూమికి చట్టం కాపలా ఉంది, ఇవతల ఉన్న మేనల్లుడి భూమికి లేదు. రోడ్డు లేక రోగిని డోలీలో మోసుకొచ్చేటప్పుడు ఇద్దరూ గిరిజనులే, పట్టా దగ్గర మాత్రం ఒకడే. మమ్మల్ని కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో కలపండని ఆ గూడేలవాళ్ళు ఎన్నేళ్ళుగానో కాగితాలు పట్టుకుని నర్సీపట్నం దిగి వస్తున్నారు, ధర్నాలు చేస్తున్నారు.

నేను చదివిన నవలల్లో కథానాయకుడు చాలావరకు గోడ అవతలికే చూస్తాడు. గోడను జరిపి తమను లోపలికి తీసుకోమని అడిగే మనుషులు ఏ ఒక్క నవలలోనూ లేరు. వాళ్ళకు ఆ గోడ ఎందుకు కట్టారో తెలుసు, కట్టినవాడి బుద్ధీ తెలుసు. వాళ్ళ తాతల్లో ఎవరో ఒకరు ఆ కట్టినవాడి మీద విల్లు ఎత్తినవాడే అయి ఉంటాడు. తెలిసే అడుగుతున్నారు. జమ్యాతిన్ దగ్గర గానీ ఆర్వెల్ దగ్గర గానీ ఈ మనుషులను అర్థం చేసుకోవడానికి నాకు సాయం దొరకలేదు. ఆ గూడేల నుంచి నర్సీపట్నం కాలేజీలకు వచ్చి చదువుకుంటున్న పిల్లలున్నారు. ఆ నవల వాళ్ళలో ఎవరైనా రాయాలని, అది చదవాలని నాకు చాలా ఆశగా ఉంది. అందులో భవిష్యత్తు ఎక్కడ మొదలవుతుందో, గోడకు ఏ పక్క నుంచి ఎవరు చూస్తారో, చచ్చిపోయిన కూలీకి ఏం పేరు పెడతారో వాళ్ళే తేల్చుకోవాలి.